దేహధాతువుల నక్షత్ర మూలం: గుంటూరు నుంచి కాంగ్రా దాకా

మనిషి మరణించాడని చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు 'పంచత్వం పొందాడు' అన్నారు. పృథివి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం అనే పంచభూతాల చేరికవల్ల ఏర్పడిన శరీరం తిరిగి వాటిలోనే కలిసిపోతుందని ఆ మాటకు భావం. ఆయుర్వేదం ఇదే దేహాన్ని రసం, రక్తం, మాంసం మొదలైన సప్తధాతువుల కూర్పుగా వర్ణించింది. ఈ రెండు భావనల వెనుక ఉన్న ప్రశ్నలు సనాతనమైనవి. ఈ దేహం దేనితో తయారయింది? ఆ పదార్థం ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి ప్రశ్నకు ఆధునిక రసాయనశాస్త్రం తూకం వేసి సమాధానం చెప్పింది. బరువునుబట్టి చూస్తే మానవదేహంలో సుమారు 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్, 10 శాతం హైడ్రోజన్, 3 శాతం నత్రజని ఉంటాయి. ఎముకలలోని కాల్షియం, భాస్వరం కలిసి రెండున్నర శాతం. రక్తానికి ఎరుపునిచ్చే ఇనుము దేహం మొత్తంమీద మూడు నాలుగు గ్రాములకు మించదు. అయొడిన్ 15 నుంచి 20 మిల్లీగ్రాములు మాత్రమే.

రెండవ ప్రశ్నకు సమాధానం 20వ శతాబ్ది మధ్యభాగం దాకా లభించలేదు. లభించిన సమాధానం ఇది: హైడ్రోజన్ 1380 కోట్ల సంవత్సరాలనాటి విశ్వారంభ దశకు చెందినది. మిగిలిన ముఖ్యమైన మూలకాలన్నీ నక్షత్రాలలో గాని, నక్షత్రాల మరణ సమయంలో గాని తయారైనవి. 460 కోట్ల సంవత్సరాల క్రితం సూర్యుడూ భూమీ రూపొందేనాటికే అవి ఆకాశంలోని ధూళిమేఘాలలో చేరి ఉన్నాయి.

ఈ జ్ఞానం ఎట్లా సమకూరిందో వివరించేటప్పుడు మనదేశంలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఇదంతా మన ఋషులకు ముందే తెలుసునన్నది ఒకటి. ఇందులో మనకు ఏ పాత్రా లేదు, ఇది పూర్తిగా పాశ్చాత్యుల సంపద అన్నది మరొకటి. చరిత్ర విద్యార్థికి ఈ రెండూ ఆమోదయోగ్యం కావు. పంచభూత సిద్ధాంతం గంభీరమైన తాత్త్విక దర్శనం. అది మూలకాల పుట్టుకను గురించిన ప్రయోగఫలితం కాదు. మరొకవైపు, ఆధునిక జ్ఞానంలో మన నేలకు, మన మనుషులకు ఉన్న భాగస్వామ్యానికి లిఖితమైన ఆధారాలున్నాయి. ఆ వాటాను ఉన్నది ఉన్నట్లు లెక్కించి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రహణంనాటి గుంటూరు

నక్షత్రాలు ఏ పదార్థంతో తయారయ్యాయో మానవుడు ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్టు కోంట్ తీర్మానించారు. పాతిక సంవత్సరాలు గడవకముందే ఆ తీర్మానం వీగిపోయింది. 1859లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ అనే శాస్త్రజ్ఞులు ప్రతి మూలకానికీ వర్ణపటంలో తనదైన రేఖల వరుస ఉంటుందని నిరూపించారు. ఉప్పును మంటలో వేస్తే పుట్టే పసుపుపచ్చని కాంతి సోడియానికి గుర్తు. అవే రేఖలు సూర్యకాంతిలో కనిపిస్తే సూర్యునిలో సోడియం ఉన్నట్లే. ఈ విధంగా కాంతి, సుదూర లోకాలనుంచి వచ్చిన దస్తావేజుగా మారింది.

ఆ దస్తావేజును చదవడానికి అపూర్వమైన అవకాశం 1868 ఆగస్టు 18న కలిగింది. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ దక్కన్‌ను దాటి మచిలీపట్నం వద్ద సముద్రంలో ప్రవేశించింది. ఫ్రాన్స్ నుంచి జూల్ జాన్సెన్ గుంటూరుకు వచ్చారు. బ్రిటిష్ సైన్యానికి చెందిన మేజర్ టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే మకాం వేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నాన్ని ఎంచుకున్నారు. ఆ నక్షత్రశాలలోనే పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి ఒక బృందానికి నాయకుడుగా నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళారు. గ్రహణం పట్టగానే పట్టుస్నానం, విడవగానే విడుపుస్నానం చేసే ఆచారమున్న ఊళ్ళలో, ఆ నడిమి కొద్ది నిమిషాలపాటు పరదేశీయులూ స్వదేశీయులూ కొందరు స్నానఘట్టాలకు బదులు దూరదర్శినుల వద్ద నిలబడి ఉన్నారు.

రఘునాథాచారి పేరు నేటి పాఠకులకు అంతగా పరిచితం కాదు. అంతకు ముందు సంవత్సరమే ఆయన ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నారు. తరువాత లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులయ్యారు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే సందర్భంలో ప్రజల అవగాహన కోసం ఒక చిన్న పుస్తకం వ్రాసి, దానిని ఇంగ్లీషులోనేకాక దేశభాషలలో కూడా వెలువరించిన దూరదర్శి ఆయన.

'హీలియం గుంటూరులో కనుగొనబడింది' అనే మాట మన ప్రాంతంలో తరచుగా వినవస్తుంది. ఆధారాలు చెప్పేది ఇంతకంటె కొంత భిన్నంగా ఉంటుంది. గ్రహణ సమయంలో సూర్యుని అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని జాన్సెన్ పరిశీలించారు. ఆ రేఖలు ఎంతో ప్రకాశవంతంగా ఉండడం గమనించి, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని గ్రహించారు. మర్నాడు ఉదయమే గుంటూరులో చూసి నిరూపించారు. ఆయన కాకినాడ నుంచి పంపిన ఉత్తరం, ఇంగ్లండులో ఇదే పద్ధతిని స్వతంత్రంగా కనుగొన్న నార్మన్ లాకియర్ ఉత్తరం ఒకేరోజున, అక్టోబరు 26న, ఫ్రెంచి అకాడమీ ముందుకు వచ్చాయి. ఆ గ్రహణాన్ని చూసినవారిలో పలువురు ఒక పసుపుపచ్చని రేఖను గమనించి సోడియం రేఖగా భావించారు. అది సోడియం రేఖ స్థానంతో సరిగా కలియడంలేదని మచిలీపట్నంలో పాగ్సన్ గుర్తించారు. భూమిమీద ఎరుగని మూలకం ఒకటి సూర్యునిలో ఉన్నదన్న నిర్ణయానికి వచ్చి, దానికి గ్రీకు భాషలో సూర్యుని పేరు మీదుగా హీలియం అని నామకరణం చేసినవారు లాకియర్, ఆయన సహచరుడు ఫ్రాంక్‌లండ్. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి అదే వాయువును వెలికితీసేదాకా చాలామంది దానిని నమ్మలేదు.

కాబట్టి గుంటూరు కీర్తి హీలియం జన్మస్థలమన్నది కాదు. సూర్యుని నిత్యమూ పరిశీలించే పద్ధతి మొట్టమొదట అమలులోకి వచ్చిన చోటు అన్నది. ఈ కీర్తి తక్కువదేమీ కాదు. భూమిమీదకంటె ముందు ఆకాశంలో గుర్తింపబడిన హీలియమే, తరువాతి కథలో కీలకపాత్ర వహించింది.

కలకత్తా సమీకరణం

వర్ణపటంలో రేఖ కనిపిస్తే మూలకం ఉన్నట్లు తెలుస్తుంది. అది ఎంత మోతాదులో ఉన్నదో ఎట్లా తెలుస్తుంది? సూర్యుని వర్ణపటంలో కాల్షియం, ఇనుము రేఖలు ప్రస్ఫుటంగా ఉంటాయి. అందువల్ల సూర్యుడు కూడా భూమివంటి పదార్థంతోనే తయారైన మండే గోళమని చాలాకాలం భావించారు.

ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసే సాధనం 1920లో కలకత్తా నుంచి వెలువడింది. దానిని అందించిన మేఘనాథ్ సాహా ఢాకా సమీపంలోని శేవరాతలి గ్రామంలో, చిన్న దుకాణం నడుపుకునే పేద కుటుంబంలో 1893లో జన్మించారు. కులం కారణంగా విద్యార్థి దశలో చిన్నచూపును భరించిన మనిషి. ఉష్ణోగ్రత, పీడనాలనుబట్టి ఒక మూలకంలోని పరమాణువులు ఎంత భాగం ఎలక్ట్రాన్లను కోల్పోతాయో ఆయన సమీకరణం లెక్కకట్టి చూపింది. రేఖ గాఢంగా ఉన్నంత మాత్రాన ఆ మూలకం సమృద్ధిగా ఉన్నట్లు కాదు. అక్కడి వేడిమి ఆ రేఖకు అనుకూలంగా ఉన్నదని అర్థం. తక్కెడలోని లోపం తెలిసిన తరువాతనే సరైన తూకం సాధ్యమైంది.

ఆ తూకాన్ని వేసినవారు సిసీలియా పేన్ అనే యువతి. ఇంగ్లండు నుంచి అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్ళిన ఆమె, అక్కడి గాజుపలకలమీద భద్రపరచిన నక్షత్ర వర్ణపటాలను సాహా సిద్ధాంతం ఆధారంగా విశ్లేషించి 1925లో పరిశోధన గ్రంథం సమర్పించారు. నక్షత్రాలలో హైడ్రోజన్ ఇతర మూలకాలకంటె ఎన్నో రెట్లు అధికమని, తరువాతి స్థానం హీలియానిదని ఆమె లెక్కలు తేల్చాయి. ఆనాటి ప్రముఖ శాస్త్రజ్ఞుడు హెన్రీ నోరిస్ రస్సెల్ ఇది అసంభవమన్నారు. ఆమె తన ఫలితం బహుశా యథార్థం కాదని గ్రంథంలో వ్రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళ తరువాత రస్సెల్ స్వయంగా మరొక మార్గంలో అదే ఫలితానికి చేరుకున్నారు. చిన్న దుకాణదారుని కుమారుని సమీకరణాన్ని, విద్యాపీఠాలలో స్త్రీలకు పూర్తిస్థానం లభించని కాలంలో ఒక యువతి ప్రయోగించగా, విశ్వంలో ఏది ఎక్కువో లోకానికి తెలిసింది.

నక్షత్రాల కొలిమిలో

విశ్వంలో అధికభాగం హైడ్రోజన్ అయితే, మన దేహంలోని కార్బన్, ఆక్సిజన్ ఎట్లా వచ్చాయి? నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకంగా మారితే ద్రవ్యరాశిలో సుమారు 0.7 శాతం తగ్గుతుంది. ఆ తగ్గిన ద్రవ్యరాశి శక్తిగా మారి నక్షత్రాన్ని వెలిగిస్తున్నదేమోనని 1920లోనే ఆర్థర్ ఎడింగ్టన్ సూచించారు. అది జరిగే క్రమాన్ని 1938, 1939 సంవత్సరాలలో హాన్స్ బేతే వివరించారు. కాని హీలియం తరువాతి మెట్టు దగ్గర దారి మూసుకుపోయింది. రెండు హీలియం కేంద్రకాలు కలిస్తే ఏర్పడే బెరీలియం కేంద్రకం కంటిరెప్ప పాటులో కోట్లవంతు కాలం కూడా నిలువక విడిపోతుంది. విశ్వారంభ సమయంలోనే అన్ని మూలకాలూ తయారైనవన్న జార్జి గామో, ఆల్ఫర్‌ల 1948 నాటి సిద్ధాంతానికీ ఇదే అడ్డంకి.

1953లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడ్ హాయిల్ ఈ చిక్కును విప్పారు. నక్షత్రగర్భంలోని తీవ్రమైన సాంద్రతలో, బెరీలియం విడిపోయేలోగా మూడవ హీలియం కేంద్రకం వచ్చి ఢీకొంటే కార్బన్ ఏర్పడుతుంది. అయితే అది చాలినంతగా ఏర్పడాలంటే, కార్బన్ కేంద్రకానికి ఒక నిర్దిష్టమైన ఉత్తేజిత స్థాయి ఉండి తీరాలి. అది సుమారు 76.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఉన్నట్లు అమెరికాలోని కాలిఫోర్నియాలో విలియం ఫౌలర్ ప్రయోగశాల సహచరులు ప్రయోగం చేసి నిర్ధారించారు.

ఇక్కడ కూడా ఒక ఐతిహ్యాన్ని సరిదిద్దవలసి ఉన్నది. 'మనిషి ఉన్నాడు కనుక కార్బన్ ఉండాలి, కనుక ఆ స్థాయి ఉండాలి' అని హాయిల్ వాదించినట్లు చాలా పుస్తకాలలో వ్రాశారు. ఆనాటి పత్రాలనుబట్టి ఆయన వాదానికి ఆధారం విశ్వంలో కార్బన్ సమృద్ధిగా కనిపించడమే. మానవుని ప్రసక్తి తరువాతి దశాబ్దాలలో వచ్చి చేరింది. గుంటూరు హీలియం వలెనే ఇదీ, మంచి కథ కోసం చరిత్ర సవరింపబడిన సందర్భం.

నక్షత్రాలలో మూలకాలు ఇప్పటికీ తయారవుతున్నాయనడానికి ప్రత్యక్ష సాక్ష్యం 1952లోనే లభించింది. టెక్నీషియం అనే మూలకానికి స్థిరరూపం లేదు. దానిలో అన్నిటికంటె ఎక్కువకాలం నిలిచే రూపం కూడా కొన్ని పదుల లక్షల సంవత్సరాలలో సగానికి క్షీణిస్తుంది. అటువంటి మూలకాన్ని పాల్ మెరిల్ కొన్ని వృద్ధ నక్షత్రాల వర్ణపటాలలో గుర్తించారు. వందలకోట్ల సంవత్సరాల వయసుగల నక్షత్రంలో అది ఉన్నదంటే, అక్కడ ఇటీవలనే తయారై ఉండాలి. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, ఫౌలర్, హాయిల్ కలిసి ప్రకటించిన సుదీర్ఘమైన పత్రం ఈ ప్రక్రియలన్నిటినీ ఒక క్రమంలో పెట్టింది. అదే సంవత్సరం అలిస్టర్ కామెరన్ స్వతంత్రంగా దాదాపు అవే నిర్ణయాలకు వచ్చారు.

రక్తంలోని ఇనుము

ఈ క్రమాన్ని మన దేహానికి అన్వయించి చూడవచ్చు. మనం పీల్చే ఆక్సిజన్ అత్యధికభాగం సూర్యునికంటె ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాలలో తయారై, అవి విస్ఫోటం చెందినప్పుడు వెదజల్లబడినది. కార్బన్, నత్రజనులలో చాలా భాగం, తమ పైపొరలను నెమ్మదిగా విడిచిపెట్టే మధ్యతరహా నక్షత్రాల కానుక.

ఇనుము కథలో మరొక భారతీయుడు ఎదురవుతారు. 1930లో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ, ఇరవై ఏళ్ళు నిండని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఒక లెక్క వేశారు. ఇంధనం హరించుకుపోయిన తరువాత మిగిలే శ్వేతకుబ్జ తారకు ఒక బరువు పరిమితి ఉంటుందని ఆ లెక్క చెప్పింది. నేటి గణన ప్రకారం ఆ హద్దు సూర్యునికి సుమారు 1.4 రెట్లు. 1935 జనవరిలో లండన్ సభలో ఎడింగ్టన్ ఈ ఫలితాన్ని బహిరంగంగా అపహసించారు. కాలం చంద్రశేఖర్ పక్షాన తీర్పు చెప్పింది. శ్వేతకుబ్జ తార తోడు నక్షత్రం నుంచి పదార్థాన్ని గ్రహించి ఈ పరిమితిని సమీపించినప్పుడు విస్ఫోటం చెందగలదు. అప్పుడు రేడియోధార్మిక నికెల్ పుట్టి, అది కోబాల్టుగా, కోబాల్టు ఇనుముగా మారుతుంది. మన రక్తంలోని ఇనుములో పెద్దభాగం శ్వేతకుబ్జ తారల విస్ఫోటాలలో ఈ విధంగా వచ్చినదే. 1987 ఫిబ్రవరిలో మన పొరుగు నక్షత్రమండలంలో ఒక భారీ నక్షత్రం పేలినప్పుడు కోబాల్టు విడుదలచేసే గామా కిరణాలను ఉపగ్రహాలు పసిగట్టాయి. అది వేరొక తరగతికి చెందిన విస్ఫోటమైనా, పేలే నక్షత్రంలో ఇనుము పుట్టే విధానం కేవలం కాగితం మీది లెక్క కాదని తేలింది.

1983లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానాన్ని చంద్రశేఖర్, ఫౌలర్ పంచుకున్నారు. నక్షత్రం ఎట్లా అంతమవుతుందో చెప్పినవారు ఒకరు, నక్షత్రంలో ఏమి తయారవుతుందో చెప్పినవారు మరొకరు. హాయిల్‌కు ఆ బహుమానంలో స్థానం లభించలేదు. రఘునాథాచారి, పేన్, హాయిల్: గుర్తింపు విషయంలో విజ్ఞానచరిత్ర పూర్తిచేయవలసిన పద్దులు ఇంకా ఉన్నాయి.

కాంగ్రా లోయలో ఉప్పు

ఇక మిగిలినది మిల్లీగ్రాములలో తూచే అయొడిన్. ఇది ఇనుముకంటె ఎంతో బరువైన మూలకం. న్యూట్రాన్లు వెల్లువగా వచ్చి కేంద్రకంలో చేరితే తప్ప ఇది తగినంతగా తయారుకాదు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న ఘటనలో వెలువడిన గురుత్వ తరంగాలు భూమిని చేరాయి. ఆ ఘటన కాంతిని విశ్లేషించగా స్ట్రాన్షియం అనే బరువైన మూలకం కొత్తగా తయారైన జాడ 2019లో బయటపడింది. ఇటువంటి సంఘాతాలలోనా, అరుదైన కొన్ని విస్ఫోటాలలోనా, ఎందులో ఎంత తయారైందన్న చర్చ ముగియలేదు. మన కంఠంలోని అయొడిన్‌లో అధికభాగం మాత్రం అట్టి ప్రళయాలలో పుట్టినదే.

అయితే విశ్వం తయారుచేసినంత మాత్రాన అది ప్రతి మనిషికీ చేరదు. హిమాలయ పాదప్రాంతాలలో మంచునదులు, వర్షాలు నేలలోని అయొడిన్‌ను కడిగివేశాయి. అక్కడి పంటలలో, నీటిలో అది లోపించి, తరతరాలుగా గొంతువాపు వ్యాధి ప్రజలను పీడించింది. గర్భంలోని శిశువుకు ఇది కరువైతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రారంభించారు. శ్రీకాకుళంలో జన్మించిన ఈ వైద్యశాస్త్రవేత్త, అయొడిన్ కలిపిన ఉప్పును క్రమంగా వాడిన ప్రాంతాలలో వ్యాధి గణనీయంగా తగ్గుతుందని నిరూపించారు. ఆ ఫలితాల పునాదిమీద 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ఏర్పడింది.

పెద్దవారికి రోజుకు కావలసినది 150 మైక్రోగ్రాముల అయొడిన్. ఆవగింజంత కూడా కాని ఈ మోతాదు కోసం ఒక నక్షత్రపు మరణం, కోట్ల సంవత్సరాల ప్రయాణం, ఒక వైద్యుని పట్టుదల, ఒక ప్రభుత్వ ఉత్తరువు, ఒక ఉప్పు బస్తా, అన్నీ అవసరమైనవి. మొదటి రెండూ మన చేతిలో లేవు. తక్కిన మూడూ మన చేతిలోనివే. నాబోటి ఉద్యోగి ఈ చరిత్రనుంచి నేర్చుకోవలసినది ఇదే. విశ్వం ఇచ్చిన వాటాను మనిషికి అందకుండా చేసేది తరచుగా దూరం కాదు, పంపిణీ.

పంచభూతాల దర్శనం మనిషిని ప్రకృతిలో భాగంగా చూడమన్నది. నక్షత్రాల చరిత్ర అదే సంగతిని తూకంతో, తేదీతో, పేరుతో చెప్పింది. రెండింటినీ కలగాపులగం చేయనక్కరలేదు. ఒకదానికొకటి సాక్ష్యం పలకనక్కరలేదు. అంటరానితనమనే దురాచారాన్ని వందల ఏండ్లు పాటించిన సమాజానికి, ఒకరి రక్తంలోని ఇనుముకూ మరొకరి రక్తంలోని ఇనుముకూ పుట్టిల్లు ఒక్కటేనని రుజువుతో సహా తెలియడం సామాన్యమైన విషయం కాదు. ఆ రుజువును సమకూర్చిన వారిలో గుంటూరుకు వచ్చిన ఫ్రెంచివాడు, వనపర్తికి వెళ్ళిన మద్రాసు ఉద్యోగి, శేవరాతలి దుకాణదారుని కుమారుడు, హార్వర్డ్‌లోని ఇంగ్లీషు యువతి ఉన్నారు. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో వీరి పేర్లు, ఎవరు చేసిన పని వారికి చెందేటట్లుగా, పక్కపక్కన ఉండాలి.